అవ్వతో ఐదు రోజులు: మా ఊరి నుంచి అలిపిరి దాకా

హైదరాబాదుకు తిరిగొచ్చి రెండు రోజులైంది. ఫోన్‌లో పదకొండు గంటల రికార్డింగు ఉంది. నోటుబుక్కు సగానికి పైగా నిండింది. చెవుల్లో ఇంకా అవ్వ గొంతే ఉంది, అది పలచబడక ముందే రాయాలని కూర్చున్నాను.

అవ్వ అంటే మా తాతకు చెల్లెలు, నాన్నకు మేనత్త. ఆధార్ కార్డు ప్రకారం 1950 జనవరి 1న పుట్టింది. ఆమెను అడిగితే మాత్రం "నేను పుట్టింది తారణలో. కొండకి బస్సు పోయిన ఏడు" అంటుంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. ఆ ఏడు ఉగాదితో మొదలైన సంవత్సరం పేరు తారణ. రెండు గుర్తులూ ఒకచోటికే వచ్చాయి కాబట్టి కార్డు తప్పు, అవ్వ రైటు. మా ఇంట్లో పాతవాళ్ళ తేదీలన్నీ ఇలాగే దొరుకుతాయని అర్థమై, ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లూ, వాటి ఎదురుగా ఇంగ్లీషు సంవత్సరాలూ రాసిన కాగితం ఒకటి జేబులో పెట్టుకుని బయల్దేరాను. ఐదు రోజులూ ఎక్కువగా పనికొచ్చింది అదే.

మా తాత రెండేళ్ళ కిందట పోయాడు. ఆయన్ని అడగాలనుకున్నవి అడగలేదు. ఆ బాధ ఇంకా తగ్గలేదు. ఆ తరంలో ఇప్పుడు అవ్వ ఒక్కతే మిగిలింది. మా వాళ్ళ పేర్లు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. అవి మా ఇంటి పుస్తకంలో ఉంటాయి.

జనవరి 15, సోమవారం. మా ఊరు

మా వైపు సంక్రాంతి అంటే పెద్దలకు పెట్టుకునే రోజు. నడిమింట్లో గోడవారగా పీట వేసి, దానిమీద కొత్త పంచె, కొత్త చీర పెడతారు. ముందర అరిటాకులో గుమ్మడికాయ కూర, వడలు, ఓళిగలు, అత్తిరసాలు. అరిసెలను మా ఇంట్లో అత్తిరసాలనే అంటాం. చిన్నాయన సాంబ్రాణి వేసి పేర్లు చెప్పి దండం పెట్టాడు. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు గడగడా వచ్చాయి. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "అమ్మా, అవ్వా, జేజీ" అని ఊరుకున్నాడు.

వెనక నిలబడి ఉన్న అవ్వ మెల్లగా అంది. "మా అమ్మకి పేరుండాది గదరా, చెప్పు."

చిన్నాయన తడుముకున్నాడు. నాన్న నా వైపు చూశాడు. నా ల్యాప్‌టాప్‌లో అరవై నాలుగు గడుల వంశవృక్షం ఉంది, ఆ గడిలో "ముత్తాత భార్య" అని ఉంది. చివరికి అవ్వే ముందుకొచ్చి వాళ్ళ అమ్మ పేరు పలికి, ఆకు ముందు నీళ్ళు వదిలింది. నాకు చాలా సిగ్గేసింది.

మధ్యాహ్నం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఫోన్ పెట్టి, ముందే రాసుకున్న ప్రశ్నలు అడిగాను. కోర్టులో సాక్షిలాగా ఔను, కాదు, తెలీదు అని చెప్పింది. అరగంటకు నాలుగు లైన్లు రాలేదు. సాయంత్రం పిన్ని నానబెట్టిన అనపగింజల గిన్నె తెచ్చి ముందర పెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ నొక్కితే పొట్టులోంచి పప్పు ఎగిరి పళ్ళెంలో పడుతుంది. పితికిన పప్పు కూరకు అదే ఓపిక పని. నేనూ పక్కన కూర్చుని పితకడం మొదలుపెట్టాను. చేతులు కదలగానే అవ్వకు మాటలొచ్చాయి. రెండు గంటలు ఆగలేదు. కోతల కాలంలో ఊరికి వచ్చి వంశం పాడే వాళ్ళ గురించి చెప్పింది. ఇప్పుడు వాళ్ళను వంశరాజులంటారు. ఇంటిపేరు, గోత్రం, తరాల పేర్లు పాడి, కళ్ళంలో ధాన్యం తీసుకుని వెళ్ళేవారట.

"మంచి గొంతులు వాళ్ళవి. అయితే అన్నీ మొగోళ్ళ పేర్లే" అంది అవ్వ.

మీరు ఎంతమంది పుట్టారని అడిగాను. "ఏడుగురం" అంది. ఆరు పేర్లు చెప్పింది. ఏడో వాళ్ళెవరంటే గిన్నెలోకి చూస్తూ "ఆరే రాసుకో నాయినా" అని లేచి పొట్టు పారబోయడానికి వెళ్ళిపోయింది.

జనవరి 16, మంగళవారం. కనుమ

పశువుల పండగ. కొమ్ములకు రంగులు, సాయంత్రం పశువులను కాచే కాటమరాజు దేవుడి దగ్గర చిట్లాకుప్ప మంట, రాత్రికి సంగటి, నాటుకోడి పులుసు. పండగ గురించి ఇంతకంటే రాయను, ఎందుకంటే ఆ రోజు నా మనసంతా ఇనప్పెట్టె మీదే ఉంది.

తాత ఇనప్పెట్టెలో మూడు దస్తావేజులు, ఒక కట్ట శిస్తు రసీదులు, నాలుగు ఫొటోలు దొరికాయి. అన్నిటికంటే పాత దస్తావేజు మీద ఉత్తర ఆర్కాటు జిల్లా, చిత్తూరు తాలూకా అని ఉంది. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది కాబట్టి కాగితం అంతకు ముందుది. రసీదుల మీద ఫసలీ సంవత్సరాలు, అంటే భూమి శిస్తుకు వాడే లెక్క, ఉన్నాయి. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. 1346 అని ఉన్న రసీదు 1936-37 నాటిదన్న మాట.

పాత దస్తావేజుల్లో పొలం హద్దులు చూసి పక్కన పెట్టేస్తాం. చివర సాక్షుల పేర్లు చదవం. 1930ల నాటి అమ్మకం కాగితంలో రెండో సాక్షి మా ఊరివాడు కాదు. ఇంటిపేరు వేరు, ఊరు ఇప్పటి తమిళనాడులోని పళ్ళిపట్టు దగ్గరది. పేరు గట్టిగా చదివాను. అవ్వ చేతిలో తమలపాకు అలాగే ఆగిపోయింది.

"ఆయన మా మేనమామ!"

మా ముత్తవ్వ పుట్టిల్లు ఏ ఊరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "అరవ దేశం తట్టు" అని మాత్రం చెప్పుకునేవాళ్ళం. అవ్వ కూడా చిన్నప్పుడు బండిలో పోవడమే గాని ఊరి పేరు మర్చిపోయింది. ఆ సాక్షి సంతకం మాకు దారి చూపించింది.

ఫొటోల దగ్గర ఇంకో సంగతి. ఒక ఫొటోలో చిత్తూరు స్టూడియోలో భర్త, పిల్లలతో ఒకామె. ఇంకో దాంట్లో ఒకామె ఒక్కతీ నిలబడి ఉంది. మూడోది మా తాత పెళ్ళి ఫొటో. మొదటి ఫొటోలో, మూడో ఫొటోలో చెవులకు ఏడు రాళ్ళ కమ్మలు ఉన్నాయి. కమ్మలు చూసి ఆ రెండూ ఒకరివే అనుకున్నాను, రెండో ఫొటోలో వేరే మనిషి అనుకున్నాను. అవ్వ ఫొటోలు లాక్కుని సరిచేసింది.

"ముఖం చూడు అబ్బోడా, కమ్మలు గాదు. మొదట్ది, నడిపిది మా అమ్మ. పెండ్లిలో ఉండేది మీ నానమ్మ. కమ్మలు మాత్రం మా అమ్మవే. నందనలో కుదవకు పోయినాయి. మీ తాత పెండ్లికి విడిపించినారు."

కాగితం తీశాను. నందన అంటే 1952. సీమలో వానల్లేక గంజి కేంద్రాలు పెట్టిన కాలం. సత్తు గిన్నె పట్టుకుని అక్కతో కలిసి వరుసలో నిలబడింది అవ్వకు గుర్తుంది. గంజి వేడికి గిన్నె పట్టుకోలేక పైట కొంగు చుట్టుకున్న అక్క చేతులు గుర్తున్నాయి. కమ్మలు లేని ఫొటో 1952 తర్వాతది. కమ్మలున్న మొదటి ఫొటో అంతకు ముందుది. ఫొటో వెనక ఒక్క తేదీ లేకపోయినా మూడింటినీ వరసలో పెట్టేశాం.

జనవరి 17, బుధవారం. కాణిపాకం

చిత్తూరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లే. గుడి ముందర హోటల్లో ఇడ్లీ, చెనిక్కాయల చట్నీ ప్లేటు నలభై రూపాయలు, కాఫీ ఇరవై. చట్నీ రెండోసారి అడగకుండానే పోశారు.

పూలమ్మే ఆమె అవ్వను చూసి "యా ఊరు పెద్దమ్మా?" అంది. తర్వాత "ఎవురింటోళ్ళు?" మూడో ప్రశ్నకు చుట్టరికం కలిసింది. ఆమె ఆడబిడ్డను ఇచ్చింది అవ్వ అత్తగారి ఊళ్ళోనే. ఒక మూర ఎక్కువ కొలిచి డబ్బులు వద్దంది. అవ్వ పది రూపాయలు బుట్టలో వేసేదాకా కదల్లేదు. కొత్త మనిషిని ఇలా ఆరా తీయడం పట్నంలో మొరటుగా అనిపిస్తుంది. మా వైపు చుట్టాల లెక్క ఇన్నేళ్ళు నోటిమీద నిలిచింది ఈ మూడు ప్రశ్నల వల్లే.

కాణిపాకం వరసిద్ధి వినాయకుడు ప్రమాణాల దేవుడు. ఆయన ముందు అబద్ధం చెప్పడానికి ఎవరూ సాహసించరని అంటారు. మా ఇంట్లో ఒక కథ ఉంది. ముత్తాతకూ ఆయన తమ్ముడికీ, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బాయి వంతు దగ్గర తగాదా వచ్చి, ఇద్దరూ ఇక్కడికి వచ్చారని, మా ముత్తాత కోనేట్లో మునిగి తడిబట్టలతో ప్రమాణం చేసి గెలిచాడని. చిన్నప్పటి నుంచి గొప్పగా చెప్పుకున్నాం. గుడి బయట బాహుదా ఒడ్డున కూర్చున్నప్పుడు అవ్వ అసలు మాట చెప్పింది.

"ప్రమాణం దాకా పోనే లేదురా. ఈ ఏటికాడే ఆగిపోయినారంట. చిన్నాయన ఏడ్చినాడంట. ఇద్దురూ బొరుగులు కొనుక్కోని తిని, మళ్ళా నడిచి ఇంటికొచ్చిరి. మా అమ్మ చెప్పింది."

బాహుదా పేరు వెనక కథ కూడా అన్నదమ్ములదే. ఆకలికి తట్టుకోలేక తోటలో మామిడిపండు తిన్నందుకు శంఖుడి తమ్ముడు లిఖితుడికి రాజు చేతులు నరికిస్తే, ఈ ఏట్లో మునగగానే అవి తిరిగి వచ్చాయని చెబుతారు. ఆ ఒడ్డున మా అన్నదమ్ములు ప్రమాణం మానుకుని ఇంటికి తిరగడం నాకు గెలుపు కథ కంటే బాగుంది. అయినా రెండూ రాసుకున్నాను, ఎవరు చెప్పారో కూడా రాసుకున్నాను. అప్పటి నుంచి నోటుబుక్కులో ప్రతి సంగతి పక్కన "చూసింది", "విన్నది" అని రెండు గుర్తులు పెట్టాను. అవ్వకు ఈ పద్ధతి నచ్చింది. ఏదైనా చెప్పాక తనే "ఇది విన్నది, రాసుకో" అనేది.

జనవరి 18, గురువారం. కార్వేటినగరం మీదుగా పళ్ళిపట్టు

కారు రోజుకు మూడు వేల రెండు వందలు, డీజిల్ కలిపి. పొద్దున్నే అత్తిరసాల డబ్బా, రెండు డజన్ల అరటిపండ్లు, ఆకు వక్క సంచిలో పెట్టుకుంది అవ్వ. ఉత్త చేతులతో పోకూడదు.

కార్వేటినగరం ఒకప్పటి జమీందారీ ఊరు. కోనేటి దగ్గర ఆపమంది. "ఈడ బండి విప్పేది. ఈ మెట్లమీద సద్ది తినేది. ఎద్దులకి నీళ్ళు." పక్కన "చూసింది" అని గుర్తు పెట్టాను. పెద్ద మెట్లు, పచ్చటి నీళ్ళు. ఒక మెట్టు మీద కాసేపు కూర్చుంది. చిన్నప్పుడు కూర్చున్నదేమో అని అడిగితే "ఏమో, అన్నీ ఒకేలా ఉండాయి" అంది.

తర్వాత దారి తప్పాం. ఫోన్‌లో మ్యాప్ చూపించిన అడ్డదారి చెరకు తోటల మధ్య సన్నబడి, ఒక పంపుసెట్టు గది దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిప్పడానికి చోటు లేదు. డ్రైవర్ కుర్రాడికి టెన్షన్ మొదలైంది. పక్క కయ్యలో నీళ్ళు కడుతున్న పెద్దాయన పార పట్టుకుని వచ్చి, గట్టు కొంచెం చెక్కి కారు తిప్పించాడు. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు, అత్తిరసాలిస్తే మాత్రం తీసుకున్నాడు. అవ్వ ఆయన్ని ఏరు ఎటువైపని అడిగింది. తర్వాత మ్యాప్ ఆపేసి, అవ్వ చెప్పినట్టు ఏటి వెంట పోయాం. కుశస్థలి అది. "ఏరు ఎడం చేతికి ఉండాల. పొయ్యేటప్పుడు ఎడం, వొచ్చేటప్పుడు కుడి." ముప్పావు గంటలో చేరాం.

బోర్డులన్నీ తమిళంలో ఉన్నాయి. దస్తావేజులో ఉన్న ఊళ్ళో, మేనమామ పేరు చెప్పగానే మూడో ఇంటి అరుగు మీది ముసలాయన లేచి మమ్మల్ని తీసుకెళ్ళాడు. మేనమామ ఇంటి కోడలు ఉంది. ఎనభై మూడేళ్ళు. అవ్వకు వదిన. కళ్ళు సరిగా కనిపించవు. అవ్వ ముఖాన్ని రెండు చేతులతో తడిమి, పోలిక మా ముత్తవ్వదేనంది. నేను ఫోన్ ఆన్ చేయడం మర్చిపోయాను. ఆ పావుగంట రికార్డు కాలేదు.

భోజనం ఇంట్లోనే. అన్నం, కారకొళంబు, అప్పడం, పెరుగు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, పిల్లలు చదివేది తమిళం. ఆ వదిన ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు ఇది చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న, రాష్ట్రాల సరిహద్దు మీద ఇచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి, పళ్ళిపట్టు మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు మనకు వచ్చాయి. "నేను గడప దాటలా. రాష్ట్రమే దాటె" అంది ఆమె.

సరిహద్దు పేర్లనూ మార్చింది. మద్రాసులో చదువుతున్న ఆమె మనవడి సర్టిఫికెట్లలో ఇంటిపేరు లేదు, తండ్రి పేరు మొదటి అక్షరం ఒక్కటే ఉంది. తమ ఇంటిపేరు ఏమిటో ఆ అబ్బాయికి తెలియదు. దస్తావేజు ఫొటో తీసి సాక్షి ఇంటిపేరు చదివాను. వదిన వెంటనే తల ఊపింది. "అదే. పెండ్లిలో అయ్యోరు చదివె. ఆ తర్వాత ఎవురూ అడగల్యా." అబ్బాయి దాన్ని తమిళంలో రాసుకున్నాడు. ఆ లిపిలో క, గ ఒకటే అక్షరం, ప, బ ఒకటే. రేపు ఇంకొకరు చదివితే వేరే పేరవుతుంది. అందుకని పక్కనే తెలుగులో కూడా రాయించాను. అతను అక్షరాలు బొమ్మ గీసినట్టు గీశాడు, నాలుగుసార్లు దిద్దుకున్నాడు.

పేర్లు కలుపుతుంటే గీతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. ఆ ఇంటి నుంచి మా ఇంటికి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు, మా ఇంటి నుంచి ఒకరు అక్కడికి వెళ్ళారు. ఒకామె మేనమామనే చేసుకుంది. ల్యాప్‌టాప్‌లో ఆమెను ఒకసారి కూతురి వరసలో, ఒకసారి కోడలి వరసలో పెట్టాల్సి వచ్చింది. మేనరికాల ఇంట్లో వంశం చెట్టులా రాదు, నులకమంచం అల్లికలా వస్తుంది. పెద్ద కాగితం పరిచి చేత్తో గీశాక గాని నాకు తెలియలేదు.

బయల్దేరేటప్పుడు రవిక గుడ్డ, పసుపు కుంకుమ పెట్టి, అవ్వ చేతిలో నూటొక్క రూపాయలు పెట్టింది వదిన. "ఇది నీకు గాదు. మీ అమ్మకి. పుట్టింటి నుంచి." తర్వాత అడిగింది, "మీరు ఏడుగురు గదా?"

అవ్వ జవాబు చెప్పలేదు. నగరి దాటేదాకా కారులో మాట్లాడలేదు. పుత్తూరు దగ్గర మాత్రం, చిన్నప్పుడు చెట్టుమీంచి పడిన అన్నకు ఇక్కడే చెయ్యి కట్టించారని, కోడిగుడ్డు, ఆకుపసరు, వెదురు బద్దలతో కట్టారని చెప్పింది. ఆ అన్నే మా తాత. చెయ్యి కొంచెం వంకరగా ఉండేది, నేనెప్పుడూ ఎందుకని అడగలేదు.

జనవరి 19, శుక్రవారం. అలిపిరి

రాత్రి తిరుపతిలో చుట్టాలింట్లో పడుకున్నాం. తెల్లారి అవ్వ "కొండకి వద్దు, అలిపిరికి తీసకపో" అంది. ఎన్నిసార్లు తిరుమలకు వచ్చినా బస్సులోనే ఈ చోటు దాటిందట. దిగలేదట.

పాదాల మండపం దగ్గర జనం బాగానే ఉన్నారు. కొందరు పాదుకలు తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నారు. ఆడవాళ్ళు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పూస్తూ ఎక్కుతున్నారు. పైదాకా 3,550 మెట్లు. అవ్వ మూడో మెట్టు మీద అంచున కూర్చుంది. చలిగా ఉంది, శాలువా కప్పాను. నోటుబుక్కు తీయమంది.

"నా తర్వాత ఒక పాప పుట్టె. మీ తాతకి తలనీలాలు ఇయ్యాల, నడిచొస్తామని మొక్కు. పాపకి పేరు కూడా కొండపైనే పెడదామని మా అమ్మ పేరు పెట్టకుండానే ఎత్తుకోని వొచ్చె. ఈడ కింద సత్రంలో రాత్రికి జొరం. తెల్లారేసరికి లేదు. కొండ ఎక్కలా. ఈడి నుంచే తిరుక్కున్నారు."

ఏ సంవత్సరమని అడిగాను. సర్వజిత్తు, పుష్యమాసం. కాగితం తీయాల్సిన పని లేకపోయింది, ఆ వరస అప్పటికి నోటికి వచ్చేసింది. 1948 మొదటి నెలలు. అవ్వకు అప్పటికి నాలుగేళ్ళు కూడా లేవు.

"చూసిందా అవ్వా, విన్నదా?"

చాలాసేపు ఆలోచించింది. "పాప జుట్టు చూస్తి. నల్లగా, జాస్తిగా ఉండె. ఎర్ర గుడ్డ చూస్తి. మిగిలిందంతా విన్నది."

అలాగే రెండు భాగాలుగా రాశాను. సంక్రాంతికి పెద్దల దగ్గర పిలవడానికి ఆ పాపకు పేరు లేదు. అందుకే వాళ్ళమ్మ ప్రతి ఏడూ ఆకులో చివర ఒక ముద్ద వేరుగా పెట్టేదట, ఎవరికని అడిగితే చెప్పేది కాదట. నాలుగో గడికీ ఐదో గడికీ మధ్య గీత గీసి, పేరు దగ్గర ఏం రాయాలని అడిగాను.

"ఆడబిడ్డ అని రాయి. సర్వజిత్తు, పుష్యం. అలిపిరి అని రాయి."

రాసి చూపించాను. అవ్వకు చదువు రాదు. ఆ గడి మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది.

"ఇప్పుడు ఎంతమందిమి?"

"ఏడుగురు అవ్వా."

"ఆ" అంది. నా భుజం పట్టుకుని లేచింది. "లెయ్యి, నడిచేటోళ్ళకి అడ్డంగా ఉండాము."